గురి తప్పని పనివాళ్లు: విశాఖలో పుట్టిన 7వ స్క్వాడ్రన్

1942 డిసెంబరు 1న విశాఖపట్నంలో భారత వైమానిక దళానికి ఒక స్క్వాడ్రన్ పుట్టింది. దానికి వచ్చిన నంబరు 7. అదే రోజు తిరుచిరాపల్లిలో 8వ స్క్వాడ్రన్ ఏర్పడింది. ఈ రెండింటికీ మనుషులు చాలావరకు అప్పుడే రద్దయిన తీర రక్షణ దళాల నుంచి వచ్చారు. ఆ దళాలు భారత వైమానిక దళ వాలంటీర్ రిజర్వు కింద ఏర్పడ్డవి. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు స్వచ్ఛందంగా వచ్చి చేరిన పౌర పైలట్లు, ఫ్లయింగ్ క్లబ్బుల సభ్యులు, వాళ్లను నడిపించడానికి కొద్దిమంది రెగ్యులర్ సిబ్బంది: అదీ ఆ దళాల కూర్పు. ఓడల మీద కన్నేసి ఉంచడం కోసం పోగైన ఆ రిజర్వు మనుషుల వారసత్వం నేడు గ్వాలియర్‌లో మిరాజ్ 2000 విమానాలు నడుపుతోంది. వైమానిక దళంలో ఈ స్క్వాడ్రన్‌ను బ్యాటిల్ యాక్సెస్ అంటారు.

ఎనభై ఏళ్లలో దాని పని ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టడం తేలికే. నన్ను ఆపింది వేరే సంగతి. పని మారిన ప్రతిసారీ విమానం మారింది, విమానంతోపాటు గురి పెట్టే పద్ధతీ మారింది, ఆ పద్ధతిని చేతుల్లోకి తెచ్చుకోవడానికి పైలట్లూ మెకానిక్‌లూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ పనితనాన్ని దగ్గరగా చూద్దామనే ఈ వ్యాసం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు విశాఖ చాలా దూరం, గ్వాలియర్ మరీ దూరం. కానీ ఈ కథలో కీలకమైన మలుపులు కొన్ని మన పొరుగున ఉన్న బెంగళూరులో జరిగాయి.

మొదట తీరం సంగతి. 1939లో యుద్ధం మొదలైనప్పుడు భారత వైమానిక దళమంటే ఒక్క స్క్వాడ్రనే. రేవులను కాచేందుకు విమానాలు లేవు. అందుకని మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లలో ఐదు తీర రక్షణ దళాలు పెట్టారు. ఆరోది విశాఖపట్నంలో వచ్చింది. విశాఖ రేవు అప్పటికి కొత్తది, 1933లో తెరిచింది. 1941లో అక్కడే సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. కాపాడుకోవలసిన సరుకు ఉంది, కాపాడేందుకు మాత్రం పాత విమానాలే ఉన్నాయి: వాపిటి, హార్ట్, ఆడాక్స్ లాంటి రెండు రెక్కల అంతస్తుల యంత్రాలు. మద్రాసు వైపు ప్రయాణికుల కోసం కట్టిన నాలుగింజన్ల అటలాంటా విమానాలను కూడా తీసుకొచ్చి సముద్రం మీద గస్తీకి తిప్పారు.

వాపిటి గురించి కాస్త చెప్పాలి. బ్రిటన్‌లో వెస్ట్‌లాండ్ కంపెనీ దీన్ని 1927లో మొదట ఎగరేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డీహెచ్ 9ఏ విమానాల విడిభాగాలు గోదాముల్లో గుట్టలుగా మిగిలిపోయాయి గనుక వాటిని వీలైనంత వాడుకుంటూ కొత్త విమానం తయారుచేయమని ఆనాటి ప్రభుత్వం అడిగింది. పొదుపులోంచి పుట్టిన యంత్రమన్నమాట. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ మొదలైంది కూడా నాలుగు వాపిటిలతోనే. లోపల చట్రం, పైన బట్ట. ఆ బట్టను రెక్క మీద బిగువుగా లాగి, లోపలి పక్కటెముకలకు దారంతో కుట్టి, పైన డోప్ అనే వార్నిష్ పూత పూస్తారు. పూత ఆరేకొద్దీ బట్ట ముడుచుకుని తబలా మీది తోలులా మోగుతుంది. కుట్టు ఒకచోట సడలితే గాలి లోపలికి దూరి మొత్తం పొరను లేపేస్తుంది. నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గం మీద పడుగు బిగించే నేతగాడికి ఈ పని ఎవరూ వివరించనక్కర్లేదు. ఒక్క పోగు బిగువు తప్పితే చీరంతా ఏమవుతుందో అతనికి తెలుసు.

బట్ట తర్వాత తీగలు. పైరెక్కకూ కిందిరెక్కకూ మధ్య కట్టిన ఉక్కు తీగలే రెక్కల కోణాన్ని నిలబెట్టేవి. రిగ్గర్ అనే పనివాడు ఒక్కో తీగనూ బిగిస్తూ, సడలిస్తూ, మట్టం పెట్టి చూస్తూ రెండు వైపులా ఒకే కోణం వచ్చేదాకా ఆగకూడదు. ఒకవైపు కాస్త తేడా వస్తే విమానం గాల్లో ఎప్పుడూ అటే ఒరుగుతుంది, పైలట్ చేయి గంటల తరబడి కర్రను ఎదురు లాగుతూ ఉండాలి. సముద్రం పక్కన ఉప్పుగాలి ఆ తీగలను తినేస్తుంది. బట్ట మీది పూత ఎండకు పగులుతుంది. కొత్త విడిభాగాలు అందని రోజుల్లో ఇంత పాత విమానాన్ని ఎగిరే స్థితిలో ఉంచిన వాళ్లను నేను పైలట్లతో సమానంగా చూస్తాను.

ఇక గస్తీ. తీరం కనిపించనంత దూరం వెళ్లి, రేవుకు వచ్చే ఓడల గుంపును వెతికి, దాని చుట్టూ తిరిగి, మళ్లీ రేవుకు చేరాలి. దిక్సూచి, గడియారం, వేగం చూపే ముల్లు, ఒడిలో పెట్టుకున్న పటం: ఇవే సాధనాలు. పక్కగాలి ఎంత తోస్తోందో తెలియాలంటే అలల మీది తెల్లని నురగ ఎటు సాగుతోందో, ఓడ పొగ ఎటు వంగుతోందో చూసి అంచనా కట్టాలి. ఆ అంచనా తప్పితే వచ్చేదారిలో తీరమే ఎదురుకాదు. గురి అంటే బాంబు వేయడం ఒక్కటే అనుకుంటాం. తిరిగి వచ్చే చోటును తప్పకుండా పట్టుకోవడం దానికంటే పాత గురి. ఈ స్క్వాడ్రన్‌లోకి వచ్చిన రిజర్వు మనుషులు మొదట నేర్చింది అదే.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ర్యూజో అనే విమాన వాహక నౌక మీంచి అవి వచ్చాయి. అదే వారంలో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలు మునిగాయి. మద్రాసులో జనం ఇళ్లకు తాళాలు వేసి లోపలి జిల్లాలకు తరలిపోయారు. మన చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక ఆ భయం ఇక్కడికీ పాకింది. వాపిటిలతో తీరాన్ని కాయడం కుదరదని అందరికీ అర్థమైంది. చూసి కబురు చెప్పే దళాలు పోయి, వెళ్లి కొట్టే దళాలు రావాలి. ఆ ఏడు చివర పుట్టిన 7వ స్క్వాడ్రన్‌కు దక్కిన యంత్రం వల్టీ వెంజియన్స్.

ఈ విమానాన్ని నేను ఎంత చదివినా ఇంకా చదవాలనిపిస్తుంది. అమెరికాలో తయారైంది, 1941లో మొదట ఎగిరింది. అమెరికా సైన్యం తాను మాత్రం దీన్ని యుద్ధానికి వాడలేదు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, భారతీయ పైలట్ల చేతిలోనే ఇది యుద్ధం చూసింది. చూడగానే కనిపించే వింత దాని రెక్క. ముందు నుంచి కాకుండా పై నుంచి చూస్తే రెక్కల అంచు డబ్ల్యూ ఆకారంలో వంకర తిరిగి ఉంటుంది. అందం కోసం అలా చేయలేదు. విమానం బరువు ఎక్కడ నిలుస్తుందో వేసిన లెక్కలో తేడా వచ్చింది. మొత్తం రెక్కను కదిపి మళ్లీ అమర్చాలంటే డిజైనంతా తిరగరాయాలి. అందుకని రెక్క మధ్య భాగాన్ని వెనక్కి వంచి సరిపెట్టారు. తప్పును దాచకుండా సరిదిద్దిన గుర్తు అది, విమానం జీవితాంతం రెక్క మీదే ఉండిపోయింది.

అసలు పనితనం మరోచోట ఉంది. సాధారణంగా రెక్కను విమానం ఒంటికి కొద్దిగా పైకెత్తి బిగిస్తారు. అలా ఉంటేనే నేలకు సమాంతరంగా పోయేటప్పుడు విమానం ముక్కు ఎత్తకుండా మట్టంగా, పైలట్‌కు ముందు దారి కనిపించేలా సాగుతుంది. అయితే ఆ విమానాన్ని ముక్కు కిందకి పెట్టి నిట్టనిలువునా దూకిస్తే, ఎత్తిన రెక్క అప్పుడు కూడా తన పని మానదు. విమానాన్ని ఒక పక్కకు లాక్కుపోతూనే ఉంటుంది. పైలట్ లక్ష్యం మీద ముక్కు పెట్టినా విమానం జారుకుంటూ దాని ముందుకు పోతుంది. వెంజియన్స్‌ను రూపుదిద్దిన వాళ్లు రెక్కను ఏ వంపూ లేకుండా సున్నా కోణంలో బిగించేశారు. దాంతో నిట్టనిలువు దూకుడులో విమానం గీత గీసినట్టు కిందికి వస్తుంది. పైలట్ ఎటు చూస్తే అటే పోతుంది. బాంబు కూడా దాదాపు అదే గీతలో పడుతుంది.

దీనికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. దూకనప్పుడు, అంటే ఎగిరే సమయంలో ఎక్కువ భాగం, వెంజియన్స్ ముక్కు ఎత్తుకుని పోతుంది. పెద్ద ఇంజను ముందు అడ్డంగా నిలుస్తుంది. పైలట్‌కు ఎదురుగా ఏముందో సరిగా కనిపించదు, దిగేటప్పుడు మరీ కష్టం. ఒక్క నిమిషం దూకుడు కోసం మిగతా ప్రయాణమంతా అసౌకర్యాన్ని ఒప్పుకున్నారు. ఏం కావాలో స్పష్టంగా తెలిసినవాడే ఇలాంటి నిర్ణయం తీసుకోగలడు. అన్నిటికీ కొంచెం కొంచెం పనికొచ్చే వస్తువును తయారుచేయడం సులువు, ఒక్క పనికి పూర్తిగా పనికొచ్చేదాన్ని చేయడానికి ధైర్యం కావాలి. నా దృష్టిలో వెంజియన్స్ ఆ ధైర్యానికి మంచి నమూనా.

దూకుడు ఎలా ఉండేదంటే, పది పన్నెండు వేల అడుగుల ఎత్తులో విమానాలు గుంపుగా వస్తాయి. లక్ష్యం కింద కనిపించగానే ఒకదాని వెనక ఒకటి బోర్లా తిరిగి నిలువునా పడతాయి. రెక్కల మీదా కిందా జాలీ తలుపుల్లాంటి బ్రేకులు తెరుచుకుంటాయి. అవి లేకపోతే వేగం హద్దు దాటి విమానం మళ్లీ పైకి లేవదు. వెనక సీట్లో ఉన్న నావిగేటర్ ఎత్తు చదువుతూ ఉంటాడు. పైలట్ బాంబులు విడిచి కర్రను వెనక్కి లాగుతాడు. రక్తం కాళ్లలోకి దిగి కళ్లు చీకట్లు కమ్ముతాయి. గాలి ఎటు వీస్తోందో ముందే లెక్కగట్టుకోకపోతే అంత నిలువు దూకుడులోనూ బాంబు పక్కకు పడుతుంది. సముద్రం మీద నురగ చూసి గాలిని లెక్కకట్టిన అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

స్క్వాడ్రన్ మొదటి కమాండరు స్క్వాడ్రన్ లీడర్ హెమ్ చౌధురి. ఆయన కింద శిక్షణ సాగింది, 1944 వసంతంలో స్క్వాడ్రన్ అస్సాంలోని ఉదర్‌బంద్ చేరి బర్మా సరిహద్దు మీద పోరులోకి దిగింది. ఇంఫాల్, కోహిమాల వద్ద జపాన్ సైన్యం ముట్టడి సాగిస్తున్న కాలమది. కొండల మధ్య సన్నని దారులు, అడవిలో దాచిన సామాను గుట్టలు, వంతెనలు: ఎత్తు మీంచి సమాంతరంగా వేసే బాంబుకు ఇవి చిక్కవు. నిలువునా దూకే విమానానికి చిక్కుతాయి. ఈ నేలకు ఈ యంత్రం సరిపోయింది. ఇంజన్లు మాత్రం నూనె తాగేసేవి. వానాకాలం మొదలైతే రన్‌వే బురద, గుడారాల్లో తేమ, విద్యుత్ తీగల మీద తుప్పు. రాత్రంతా టార్చిలైట్ల కింద ఇంజను మూత తీసి పనిచేసిన మెకానిక్‌ల పేర్లు యుద్ధ చరిత్రల్లో రావు. తెల్లవారే సరికి విమానాలు వరుసలో నిలబడి ఉండటమే వాళ్లు చేసిన సంతకం.

ఆ తర్వాత దశాబ్దాన్ని వేగంగా దాటతాను. 1944 చివర్లో వెంజియన్స్‌లు పోయి స్పిట్‌ఫైర్‌లు వచ్చాయి. బాంబు వేసే పని తగ్గి, ముందుకెళ్లి శత్రువు జాడ చూసి ఫొటో తీసి తెచ్చే పని పెరిగింది. తీర గస్తీ నాటి కన్ను మళ్లీ అవసరమైంది. బర్మాలో ఈ స్క్వాడ్రన్‌ను నడిపిన ప్రతాప్ చంద్ర లాల్‌కు డీఎఫ్‌సీ పతకం వచ్చింది. 1971 యుద్ధం నాటికి ఆయనే భారత వైమానిక దళాధిపతి. 1947 శీతాకాలంలో స్క్వాడ్రన్ టెంపెస్ట్ విమానాలు కశ్మీర్ లోయలో సైన్యానికి అండగా ఎగిరాయి. నవంబరు 7న శ్రీనగర్ పక్కన షాలాటెంగ్ దగ్గర దండయాత్రికులను తరిమికొట్టిన పోరులో వాటికి భాగముంది.

1949లో స్క్వాడ్రన్‌కు వాంపైర్ వచ్చింది, దాంతో అది మన దేశపు మొదటి జెట్ స్క్వాడ్రన్ అయింది. జెట్ అనగానే మనకు మెరిసే లోహం గుర్తొస్తుంది. కానీ వాంపైర్ ముందు భాగం, పైలట్ కూర్చునే తొట్టె, చెక్కతో చేసింది. పలుచని ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్కను పెట్టి, అచ్చులో ఒత్తి, జిగురుతో అతికించారు. జెట్ ఇంజను వెనుక, వడ్రంగి పని ముందు. మన వానలకూ ఎండలకూ చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. జిగురు అతుకు విడవలేదని ప్రతిసారీ చూసి తేల్చుకోవడం మెకానిక్ పని. ఈ వాంపైర్‌లనే తర్వాత బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ లైసెన్సు మీద తయారుచేసింది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన ఆ కార్ఖానాయే నేటి హెచ్‌ఏఎల్.

హంటర్ 1957లో వచ్చింది. దాన్ని కూడా మన దళంలో మొదట అందుకున్నది ఈ స్క్వాడ్రనే. హంటర్ గురించి రాసేవాళ్లు దాని వేగాన్నీ రెక్క వంపునూ పొగుడుతారు. నాకు నచ్చింది దాని తుపాకుల పెట్టె. పైలట్ కూర్చునే చోటు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల తుపాకులు, వాటి తూటాల పెట్టెలు అన్నీ కలిపి ఒకే మూటగా అమర్చారు. దాడి ముగించి విమానం దిగగానే ఆ మూటను మొత్తంగా కిందికి దించేస్తారు, ముందే నింపి ఉంచిన ఇంకో మూటను పైకెక్కించి బిగిస్తారు. ఒక్కో తూటాను విమానం కింద పడుకుని నింపుతూ కూర్చోనక్కర్లేదు. ఇందులో ఒక చిన్న ఆలోచన దాగి ఉంది: తుపాకీ గొట్టాలను మూటతో పాటు తీయరు, అవి విమానంలోనే ఉండిపోతాయి. మూట పొట్టిగా ఉంటుంది, దించడం తేలిక. గీసిన మనిషి కాగితం మీద గీత గీసేటప్పుడే రేపు ఎండలో చెమటలు కక్కుతూ ఆ విమానం కింద నిలబడబోయే మనిషిని తలచుకున్నాడు. యుద్ధంలో ఆదా అయిన ప్రతి నిమిషం విమానాన్ని మళ్లీ ఆకాశానికి పంపుతుంది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని హల్వారా నుంచి ఈ స్క్వాడ్రన్ హంటర్‌లు పోరాడాయి, మనుషుల్నీ పోగొట్టుకున్నాయి.

1985లో మిరాజ్ 2000 వచ్చింది. తోక రెక్క లేని త్రికోణం. కర్రకూ రెక్కకూ మధ్య తీగల్లో పరుగెత్తే విద్యుత్ సంకేతాలు. రిగ్గర్ బిగించిన ఉక్కు తీగల నుంచి ఇక్కడికి చేరుకునేసరికి నలభై మూడేళ్లు గడిచాయి. స్క్వాడ్రన్ గ్వాలియర్‌లో స్థిరపడింది. అక్కడ దాదాపు పద్నాలుగేళ్ల సాధన తర్వాత ఈ యంత్రానికి అసలు పరీక్ష వచ్చింది.

1999 మే 26న కార్గిల్‌లో వైమానిక దాడులు మొదలయ్యాయి. రెండు మూడు రోజుల్లోనే రెండు మిగ్‌లూ ఒక ఎంఐ 17 హెలికాప్టరూ పోయాయి. భుజం మీంచి పేల్చే క్షిపణులకు అందనంత ఎత్తులో ఉంటేనే పని సాగుతుందని తేలింది. అక్కడ లెక్కలు తిరగబడ్డాయి. కొట్టాల్సిన లక్ష్యాలే పదహారు, పదిహేడు వేల అడుగుల ఎత్తున్న గట్ల మీద ఉన్నాయి. అంత ఎత్తులో గాలి పలచన. బాంబును ఆపే గాలి తక్కువ కనుక అది పట్టికల్లో రాసినదానికంటే ముందుకు పడుతుంది. ఇంజను బలం కూడా తగ్గుతుంది. ఇలాంటి ఎత్తు కోసం ఏ దేశం వాళ్లూ పట్టికలు రాసి ఇవ్వలేదు. మిరాజ్ సిబ్బంది ఆ సవరణలను తామే కట్టుకుని, మామూలు బాంబులతోనే జూన్ 17న బటాలిక్ వైపు ముంథో ధాలో అనే సరఫరా శిబిరాన్ని కొట్టారు.

టైగర్ హిల్ అనే శిఖరాన్ని కొట్టడానికి ఇంకా సన్నని గురి కావాల్సి వచ్చింది. ఇజ్రాయెల్ నుంచి తెచ్చిన లైటెనింగ్ పాడ్, అంటే కెమెరాతో లక్ష్యాన్ని చూసి లేజర్‌తో గురి చూపే పెట్టె, అప్పటికి మిరాజ్‌కు పూర్తిగా అమరలేదు. విమానాలనూ వాటి పరికరాలనూ పరీక్షించే బెంగళూరులోని ఆస్టే సంస్థ మనుషులు, ఇజ్రాయెల్ ఇంజనీర్లు, స్క్వాడ్రన్ మెకానిక్‌లు కలిసి ఆ పనిని కొద్ది రోజుల్లోకి కుదించారు. ఇది స్క్రూలు బిగించే పని అనుకోవద్దు. ఫ్రాన్సు విమానపు కంప్యూటరూ ఇజ్రాయెల్ కెమెరా పెట్టే ఒకే భాషలో మాట్లాడుకోవాలి. ఈ పెట్టె ఎటు చూస్తోందో విమానానికి తెలియాలి, విమానం ఎటు ఒరుగుతోందో పెట్టెకు తెలియాలి. ఈ రెండింటిలో ఏ కోణంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పది కిలోమీటర్ల దూరంలో ఆ తేడా ఒక గట్టు అవతల పడుతుంది.

1999 జూన్ 24న వింగ్ కమాండర్ రఘునాథ్ నంబియార్ నడిపిన మిరాజ్ లేజర్ బాంబును టైగర్ హిల్ మీద విడిచింది. వెనక సీట్లోని మనిషి పాడ్ కెమెరా తెర మీద కనిపిస్తున్న గుడారాల మీద గీటును నిలిపి పట్టుకోవాలి. విమానం తిరుగుతూ ఉంటుంది, గీటు కదలకూడదు. లేజర్ కాంతి ఆ చోట పడి తిరిగి వస్తుంది. బాంబు ముక్కులోని కన్ను ఆ కాంతిని వెతుక్కుంటూ చిన్న రెక్కలను ఆడించుకుంటూ దిగుతుంది. విడిచిన క్షణం నుంచి తగిలేదాకా అర నిమిషం పాటు ఆ చేయి వణకకూడదు. మధ్యలో ఒక్క మేఘం తునక అడ్డొచ్చినా అంతా వృథా. జులై 4న మన సైనికులు టైగర్ హిల్ ఎక్కారు. కొండ ఎక్కినవాళ్ల రక్తం ముందు ఆకాశంలోని పనితనం చిన్నదే. కానీ ఆ కొండ మీద వాళ్లకు ఎదురుపడాల్సిన కొంత నిప్పును అది ముందే ఆర్పింది.

వెంజియన్స్‌లో గురి విమానం మొత్తం కలిసి చేసే పని. రెక్క కోణం నుంచి పైలట్ మెడ వరకు అంతా ఒకే గీతలో నిలబడాలి. మిరాజ్‌లో విమానం ఎక్కడో పైన హాయిగా తిరుగుతుంది, గురి మాత్రం ఒక పెట్టెలోనూ ఒక వేలి కొనలోనూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏది గొప్ప పనితనమని అడిగితే నేను వెంజియన్స్ వైపే మొగ్గుతాను, అందులో మనిషి తన ఒళ్లంతా పణంగా పెట్టాడు. కానీ మిరాజ్‌కు పాడ్ అమర్చిన వాళ్ల ఓర్పు వాపిటి రెక్కకు బట్ట కుట్టిన వాళ్ల ఓర్పే. అక్కడ మాత్రం తేడా చూడలేను. రిజర్వు సిబ్బందితో మొదలైన స్క్వాడ్రన్ అన్ని పనులు మార్చుకుని కూడా ఒకే స్క్వాడ్రన్‌గా నిలవడానికి కారణం ఆ ఓర్పు ఒక చేతి నుంచి మరో చేతికి అందుతూ రావడమేనని నా నమ్మకం.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం రిజర్వు, సహాయక వైమానిక దళాల చట్టాన్ని 1952లో తెచ్చింది. పౌరులు వారాంతాల్లో శిక్షణ పొందే సహాయక స్క్వాడ్రన్‌లు కొన్ని ఏర్పడ్డాయి కానీ అవి ఎక్కువ కాలం నిలవలేదు. యుద్ధకాలపు వాలంటీర్లు వదిలి వెళ్లిన వారసత్వం ఈ 7వ స్క్వాడ్రన్ లాంటి రెగ్యులర్ దళాల్లో మిగిలింది.

మదనపల్లె, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఒక మాట. ఢిల్లీ వెళ్తే పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో వాపిటి ఉంది, దాని రెక్క కింద నిలబడి కుట్టునూ తీగలనూ చూడండి. అంత దూరం కుదరకపోతే కుప్పంలో పొద్దునే రైలెక్కండి, బెంగళూరు రెండు గంటల దారి. హెచ్‌ఏఎల్ మ్యూజియంలో హెచ్‌టీ 2, మారుత్ విమానాలు ఉన్నాయి. మిరాజ్‌లను విప్పి, బాగుచేసి, కొత్త పరికరాలు బిగించి గ్వాలియర్‌కు తిప్పి పంపేది కూడా ఆ ఊళ్లోని హెచ్‌ఏఎల్లే. ఆ పనికి చేతులు కావాలి. మన ప్రాంతం పిల్లలు ఆ ఉద్యోగాలకు దరఖాస్తు చేయాలి.